కదిలే ఇల్లు

పిల్లలూ! వానాకాలంలో గోడమీద పాకే నత్తను మీరంతా చూసే ఉంటారు. దానికి అద్దె ఇల్లు వెతుక్కునే బాధ లేదు. ఇల్లు వీపుమీదే ఉంటుంది. భయం వేస్తే లోపలికి దూరుతుంది, భయం తీరితే బయటికి వస్తుంది. అయినా నత్త తన ఇంట్లో దాచుకోలేనిది ఒకటి ఉంది. అదే నీరు. ఎండలు ముదిరి నేల ఎండిపోగానే నత్త తన గుల్ల మూతికి పలచని పొర ఒకటి కట్టుకుని, లోపల ముడుచుకుని, మళ్ళీ వాన పడేదాకా కదలకుండా పడి ఉంటుంది. పాపం, ఇల్లు వెంట తెచ్చుకుంది గాని చెరువును తెచ్చుకోలేకపోయింది!

మనుషుల్లో కూడా ఇల్లు వెంటబెట్టుకుని ప్రయాణం చేసేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడూ ఉన్నారు, రెండువందల ఏళ్ళ క్రితమూ ఉండేవారు. వాళ్ళకు కూడా నత్తకు వచ్చిన చిక్కే వస్తుంది. ఆ చిక్కులోనుంచి వాళ్ళు ఎలా బయటపడతారో ఈ నెల చెప్పుకుందాం.

చక్రాలమీద ఇల్లు

ఐరోపా ఖండంలో మోటారు ఇళ్ళు చాలా తిరుగుతుంటాయి. ముందు భాగం వ్యాను, వెనుక భాగం ఇల్లు. లోపల ఒక మంచం, చిన్న బల్ల, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానానికి అలమారంత గది ఉంటాయి. కప్పుమీద ఉన్న సౌరఫలకాలు పగలంతా ఎండను విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నింపుతాయి. రాత్రి ఆ బ్యాటరీతో దీపం వెలుగుతుంది. అడుగున రెండు తొట్లు ఉంటాయి. ఒకదానిలో మంచినీరు, రెండోదానిలో వాడేసిన నీరు. ఆ వాడేసిన నీటిని ఎక్కడపడితే అక్కడ ఒలకబోయకూడదు. దానికోసం ఏర్పాటు చేసిన చోటనే వదలాలి.

ఇలాంటి బండిని మీ మేనత్తగారు ఒక్కరే నడుపుకుంటూ గ్రీసు దేశం చూడబోయారని అనుకుందాం. ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నారు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆవిడకు లోకం చూడాలని కోరిక. వెళ్ళకూడదా ఏం? అంతర్జాతీయ లైసెన్సు తీసుకుని, అక్కడ రోడ్డుకు కుడిచేతి వైపున నడపాలని బాగా గుర్తుపెట్టుకుని బయలుదేరారు.

ఇక్కడ మనం ఒక చిన్న లెక్క చేద్దాం. బండిలో మంచినీటి తొట్టి 100 లీటర్లు పడుతుందనుకోండి. లీటరు నీరు కిలో బరువు గనుక తొట్టి నిండితే 100 కిలోలు. అక్కడి మామూలు కారు లైసెన్సుతో నడపదగిన బండి సామానుతో సహా 3500 కిలోలకు మించకూడదు. అంచేత పెద్ద తొట్టి పెట్టుకుందామంటే కుదరదు. వంటకూ, తాగడానికీ, గిన్నెలు కడగడానికీ, స్నానానికీ కలిపి ఎంతో పొదుపుగా రోజుకు 25 లీటర్లు వాడినా ఆ నీరు ఎన్నాళ్ళు వస్తుంది? నాలుగు రోజులు! ఐదోరోజు పొద్దున్న మీ అత్తయ్య ఏదో ఒక ఊరు వెతుక్కుని, ఎవరినో ఒకరిని నీళ్ళు అడగవలసిందే.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. మోటారు ఇల్లు సుమారు మూడు మీటర్ల ఎత్తు ఉంటుంది. గ్రీసులో కొండలు ఎక్కువ. కొండ వాలున ఉన్న పాత ఊళ్ళలో వీధులు ఇరుకు, మేడల వసారాలు వీధిమీదికి చొచ్చుకు వస్తాయి. టెలిఫోనులోని పటం ‘ఇటు తిరుగు’ అంటుందే గాని, ఫలానా మేడ వసారా బండి కప్పుకు తగులుతుందని చెప్పదు. ఆ సంగతి ఆ వీధిలో ఉండేవాళ్ళకే తెలుసు. రాత్రి మకాం సంగతీ అంతే. కనిపించిన ప్రతి తోటలోనూ, సముద్రపు ఒడ్డునా ఆగిపోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఎండాకాలంలో అక్కడి అడవులు ఇట్టే అంటుకుంటాయి గనుక బయట నిప్పు రాజెయ్యడం కూడా ప్రమాదమే. ఎక్కడ ఆగవచ్చో, ఎక్కడ ఆగరాదో ఊరివాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

చూశారా! మంచం ఉంది, పొయ్యి ఉంది, దీపం ఉంది. అయినా ఇంకొకరి తలుపు తట్టకుండా నాలుగు రోజులు గడవవు.

నీరు, నేరో

మరి భాష రాని చోట ఎలా అడగడం? ఇక్కడ ఒక తమాషా ఉంది. గ్రీకు భాషలో నీటిని ఏమంటారో తెలుసా? ‘నేరో’ అంటారు! మనం ‘నీరు’ అంటాం. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఈ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు. మన ‘నీరు’ ద్రావిడ భాషల సొత్తు. వాళ్ళ ‘నేరో’ అప్పుడే తెచ్చిన తాజా నీరు అనే అర్థం ఉన్న పాత గ్రీకు మాటనుంచి పుట్టింది. ఏ సంబంధమూ లేకుండానే రెండు మాటలు ఇలా ఎదురుపడ్డాయి. అంచేత అనకాపల్లి మనిషి గ్రీసుకు పోయి ఖాళీ చెంబు చూపించి ‘నీరు’ అంటే, పని జరిగిపోయినా జరిగిపోవచ్చు.

కాని ఇంకొక చోట తిరకాసు ఉంది. గ్రీకులో ‘అవును’ అనడానికి ‘నే’ అంటారు, ‘కాదు’ అనడానికి ‘ఓఖి’ అంటారు. పైగా వాళ్ళు ‘కాదు’ అని చెప్పేటప్పుడు తలను అడ్డంగా ఊపకుండా, కనుబొమలు ఎత్తి గడ్డాన్ని పైకి ఎగరేయడం కద్దు. మనవాళ్ళెవరైనా దూరాన్నుంచి అలా చేస్తే ‘ఏమిటి సంగతి?’ అని పలకరించినట్టు ఉంటుంది. ఇక మనం తల ఇటూ అటూ ఆడిస్తూ ‘సరే’ అంటామే, అది చూసి వాళ్ళకు మతిపోతుంది! అందుకే కొత్త దేశానికి వెళ్ళేవాళ్ళు కనీసం నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళాలి. ‘కలిమేరా’ అంటే శుభోదయం. ‘ఎఫ్ఖరిస్తో’ అంటే కృతజ్ఞతలు. ఆ రెండు మాటలు తప్పో ఒప్పో పలికితే చాలు, ఎదుటివారి ముఖంమీద నవ్వు వస్తుంది. నవ్వు వచ్చాక బేరం సులభం.

గ్రీకు భాషలో మరో గొప్ప మాట ఉంది. అది ‘క్సేనోస్’. దానికి పరాయివాడు అని ఒక అర్థం, అతిథి అని ఇంకొక అర్థం. రెండింటికీ ఒకటే మాట! పూర్వపు గ్రీకులు తమ దేవతల రాజైన జ్యూస్ పరదేశులను కాపాడుతూ ఉంటాడని నమ్మేవారు. గుమ్మంలోకి వచ్చిన కొత్తవాడికి ముందు అన్నం పెట్టి, ఆ తరవాతనే పేరూ ఊరూ అడగడం వాళ్ళ మర్యాద. అతిథిని ఆదరించడాన్ని ఇప్పటికీ వాళ్ళు ‘ఫిలొక్సెనియా’ అంటారు. పరాయివారిమీద ప్రేమ అని దాని అర్థం. మనకు ‘అతిథి’ అనే మాట ఎలా వచ్చింది? తిథి, వారం చూసుకోకుండా వచ్చేవాడు గనుక అతిథి అని మన పెద్దలు చెబుతారు. రెండు దేశాలవాళ్ళూ ఒకే సంగతి గమనించారన్నమాట. ముందుగా కబురు పెట్టి రాలేని వాడికే సాయం ఎక్కువ అవసరం.

మీ అత్తయ్య అనకాపల్లినుంచి వెళుతున్నారు గనుక పెట్టెలో ఒక చిన్న బెల్లం దిమ్మ పెట్టుకోవడం మంచిది. గ్రీసులో చెరకు బెల్లం లేదు గాని, ద్రాక్షరసాన్ని చిక్కబడేదాకా కాచి ‘పెతిమేజి’ అనే తియ్యని పాకం చేస్తారు. మన రైతులు చెరకురసాన్ని పెనంలో కాచినట్టే! నీళ్ళు పట్టుకోనిచ్చిన ఇల్లాలికి ఒక బెల్లం ముక్క ఇచ్చి, ఆమె ఇంటి పాకం రుచి చూస్తే, భాష రాకపోయినా ఇద్దరికీ అరగంట మాట్లాడుకోవడానికి సరిపడా సంగతి దొరుకుతుంది.

వందమందితో కదిలిన ఇల్లు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1830వ సంవత్సరం మే 18న చెన్నపట్నంనుంచి ఒక పెద్ద పరివారం కాశీకి బయలుదేరింది. దాని యజమాని ఏనుగుల వీరాస్వామయ్య. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కష్టపడి చదువుకుని, చెన్నపట్నపు సుప్రీం కోర్టులో దుబాసీ అయినవాడు. దుబాసీ అంటే ఒకరి భాషలోని మాటను ఇంకొకరికి వారి భాషలో అందజేసేవాడు. ఆయన వెంట సుమారు వందమంది ఉన్నారు. అప్పటికి మన దేశంలో రైళ్ళు లేవు, మోటార్లు లేవు. పల్లకీని బోయీలు మోయాలి. గుడారాలు, వంటపాత్రలు, బట్టలు, బియ్యం, పప్పు అన్నీ వెంట రావాలి. అదీ ఆనాటి కదిలే ఇల్లు!

వాళ్ళు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకూ, అక్కడినుంచి కాశీకీ చేరారు. తరవాత గయ, కలకత్తా చూసుకుని, పూరీ జగన్నాథం మీదుగా తూర్పుతీరం వెంబడి దిగివచ్చారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరారు. అంటే పదిహేను నెలలకు పైగా ఇల్లు కదులుతూనే ఉందన్నమాట! ఆ తిరుగుప్రయాణంలో వాళ్ళు గంజాం, శ్రీకాకుళం దాటి విశాఖపట్నం సీమకు వచ్చి, గోదావరివైపు సాగిపోయారు. విశాఖపట్నంనుంచి రాజమహేంద్రవరం పోయే బాట అప్పుడైనా ఇప్పుడైనా మన అనకాపల్లి సీమగుండానే పోతుంది.

వందమంది ఉన్నారు గదా, వారికి ఎవరి సాయం ఎందుకు అంటారేమో! మళ్ళీ లెక్క చేయండి. తాగడానికీ వంటకీ మనిషికి ఐదు లీటర్ల నీరే చాలనుకున్నా రోజుకు 500 లీటర్లు కావాలి. ఏ బోయీ మోస్తాడు? అందుకని సాయంత్రానికల్లా చెరువో బావో ఉన్న ఊరు చేరాలి. ఒక రోజు నడిచి ఆగే చోటును మజిలీ అంటారు. తరవాతి మజిలీలో అంగళ్ళున్నాయా, దిగడానికి నీడ ఉందా, ఏటికి పడవ దొరుకుతుందా, ఈ వివరాలన్నీ ఆ దారిలో ఉండేవాళ్ళే చెప్పాలి. వందమందికి వండి పెట్టుకోగల వీరాస్వామయ్య కూడా ప్రతి ఊళ్ళోనూ ఊరివాళ్ళను అడుగుతూనే వెళ్ళాడు. దుబాసీ పని చేసినవాడు గనుక ఎవరిని ఎలా అడగాలో ఆయనకు బాగా తెలుసు.

ఆయన చేసిన గొప్ప పని ఇంకొకటి ఉంది. తాను తెలుసుకున్నదాన్ని తనలోనే దాచుకోలేదు. ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుంది, దారి ఎలా ఉంది, జనం ఎలా ఉన్నారు అని రాస్తూ చెన్నపట్నంలోని తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చాడు. 1836లో వీరాస్వామయ్య చనిపోయాడు. రెండేళ్ళ తరవాత, 1838లో, శ్రీనివాసపిళ్ళె ఆ రాతలన్నిటినీ ‘కాశీయాత్రచరిత్ర’ అనే పుస్తకంగా అచ్చు వేయించాడు. రాసినవాడు తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. కాని ఆ తరవాత ఎందరో దాన్ని చదివారు, నేటికీ చదువుతున్నారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఉంది. దారిలో మనకు మేలు చేసినవారికి తిరిగి మేలు చేసే అవకాశం చాలాసార్లు రాదు. నీళ్ళిచ్చిన అవ్వను మళ్ళీ ఎప్పుడు చూస్తాం? అయితే ఆ బాకీ ఇంకొక విధంగా తీర్చవచ్చు. మన వెనక వచ్చే బాటసారికి దారి చెప్పవచ్చు. వీరాస్వామయ్య చేసింది అదే.

అంతకు పద్దెనిమిది వందల ఏళ్ళ ముందే ఒక నావికుడు కూడా ఈ పనే చేశాడు. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో ఒక చిన్న పుస్తకం పుట్టింది. రాసినవాడి పేరు మనకు దక్కలేదు. ఎర్రసముద్రంనుంచి మన దేశం దాకా ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుందో అందులో రాశాడు. మన కృష్ణాతీరాన్ని ‘మసాలియా’ అని పిలిచి, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా తయారవుతాయని చెప్పాడు. చూశారా, మీ అత్తయ్య గ్రీసు వెళ్ళడానికి ఎంతో ముందే గ్రీకు మాట మన తీరాన్ని పలకరించింది!

ఎవరిని నమ్మాలి?

అందరూ మంచివాళ్ళేనా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. రావలసిందే. వీరాస్వామయ్య ప్రయాణం చేసిన కాలంలో జబల్పూరు పరిసరాల్లో బాటసారులకు థగ్గుల భయం ఉండేది. వాళ్ళు కత్తులు దూసి మీదపడే దొంగలు కారు. ‘మేమూ అటే వెళుతున్నాం, కలిసి పోదాం’ అంటూ మంచిమాటలతో స్నేహం చేసి, కొన్నాళ్ళు కలిసి నడిచి, అదను చూసి గుడ్డతో గొంతు బిగించి చంపి దోచుకునేవారు. ఆ రోజుల్లోనే విలియం స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి వాళ్ళను వెతికి పట్టుకునే పని సాగించాడు. ఆ కాలంలో మనుషులు వందమందిగా కలిసి పోవడానికి ఇదీ ఒక కారణం.

మరి చెయ్యి చాచినవాడు స్నేహితుడో, థగ్గో ఎలా తెలుస్తుంది? ఒక గుర్తు ఉంది. థగ్గు దారిలో వచ్చి తనంతట తాను అంటుకుంటాడు. అంగడివాడికి అంగడి ఉంది. బడిపంతులుకు బడి ఉంది. బావిదగ్గర ఉన్న ఇల్లాలికి ఇల్లూ ఇరుగుపొరుగూ ఉన్నారు. రేపు పొద్దున్న వాళ్ళు నలుగురికీ ముఖం చూపించాలి. అందుకని ప్రయాణంలో సాయం కావలసివస్తే మనమే చూసుకుని, స్థిరంగా ఒక చోట ఉన్నవాళ్ళను, పదిమంది ఎదుట అడగాలి. తనంతట వచ్చి, చాటుకు రమ్మనేవాడి సాయం ఎంత తియ్యగా ఉన్నా వద్దనాలి. గ్రీసులో ఒంటరిగా తిరిగేవారికైనా, విశాఖపట్నం బస్సుస్టాండులో నిలబడిన మీకైనా ఈ సూత్రం ఒకటే. నమ్మడమంటే కళ్ళు మూసుకోవడం కాదు సుమా, కళ్ళు బాగా తెరిచి చూసిన తరవాత చెయ్యి అందించడం!

మన ఊరికి వచ్చేవాళ్ళు

ఇంతదాకా మనం ప్రయాణికుడి వైపునుంచి చూశాం. ఇప్పుడు ఊరివాళ్ళ వైపునుంచి చూద్దాం. ఎందుకంటే, గ్రీసులో మీ అత్తయ్య పరాయి మనిషి అయినట్టే, గ్రీసునుంచి ఎవరైనా వస్తే ఇక్కడ మీరే ఊరివాళ్ళు!

అనకాపల్లి పాత మజిలీ ఊరు. కోల్‌కతానుంచి చెన్నైకి పోయే జాతీయ రహదారీ, హౌరా చెన్నై రైలుదారీ ఈ ఊరిని తాకుతూనే పోతాయి. బెల్లం కొనడానికి దూరదూరాలనుంచి వర్తకులు ఇక్కడి మార్కెట్టుకు వస్తారు. నూకాలమ్మ జాతరకు యాత్రికులు వస్తారు. ఊరికి దగ్గరలో శంకరం అనే గ్రామం ఉంది. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ మీరు చూసే ఉంటారు. వెయ్యేళ్ళకు పైబడిన కాలంనాడు ఆ కొండలమీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు. రాతిలో తొలిచిన గుహలూ, స్తూపాలూ ఇప్పటికీ ఉన్నాయి. భిక్షువులు ఏడాదిలో చాలాకాలం తిరుగుతూ, వానాకాలంలో మాత్రం ఒక చోట ఆగేవారు. వాళ్ళకు సొంత వంట లేదు. దిగువనున్న పల్లెల ప్రజలు పెట్టిన భిక్షే భోజనం. అంటే మన ఊరివాళ్ళకు కొత్తవారికి అన్నం పెట్టడం ఇవాళ కొత్తగా నేర్పవలసిన పని కాదు.

కాని ఈనాడు ఒక ప్రమాదం వచ్చింది. ప్రయాణికుడి చేతిలో టెలిఫోను ఉంది, అందులో పటం ఉంది. ‘ఆయనకు అన్నీ తెలుసు, మనమెందుకు పలకరించాలి?’ అని మనం ఊరుకుంటాం. ‘పటం ఉంది, వీళ్ళనెందుకు అడగాలి?’ అని ఆయన ఊరుకుంటాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే బండి ఊరు దాటిపోతుంది. మోటారు ఇల్లు ఎంత బాగా కుదిరితే ఈ ప్రమాదం అంత ఎక్కువ. అలాంటి ప్రయాణికుడు వెయ్యి మైళ్ళు తిరిగినా తన ఇంట్లోనుంచి కదలనట్టే! నీటితొట్టి చిన్నది కావడం ఒక విధంగా అదృష్టం. నాలుగు రోజులకొకసారైనా అది మనిషిని కిందికి దింపి ఇంకొక మనిషి ముందు నిలబెడుతుంది.

మీకొక పని

ఈ నెల మీరంతా ఒక పని చేయండి. వీరాస్వామయ్యలాగా ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని మీ వీధి గురించి బాటసారికి పనికివచ్చేటట్టు రాయండి. తాగడానికి మంచినీరు ఎక్కడ దొరుకుతుంది? మధ్యాహ్నం నీడ ఉండే చోటు ఏది? పెద్ద బండి తిరగలేని సందు ఏది? రాత్రివేళ తెరిచి ఉండే మందుల దుకాణం ఎక్కడ? హిందీ, ఇంగ్లీషు, ఒడియా తెలిసినవారు మీ వీధిలో ఎవరున్నారు? శంకరం కొండలకు ఏ దారిన వెళ్ళాలి? రాయడం మొదలుపెడితే, మీ వీధి గురించి మీకే తెలియనివి ఎన్ని ఉన్నాయో బయటపడతాయి. అప్పుడు మీరు కూడా పెద్దవాళ్ళను అడగవలసివస్తుంది!

తల్లిదండ్రులకు ఒక మనవి. కొత్తవారు ఎవరైనా దారి అడిగితే, పిల్లలను పక్కన నిలబెట్టుకుని మీరే జవాబు చెప్పండి. కొత్తవారితో ఎంత దూరంలో నిలబడాలో, ఎంత మర్యాదగా మాట్లాడాలో పిల్లలు మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు. పెద్దలు వెంట లేకుండా కొత్తవారి బండి ఎక్కరాదని కూడా అప్పుడే చెప్పండి.

ఏదో ఒక రోజు రహదారి పక్కన ఒక కదిలే ఇల్లు వచ్చి ఆగవచ్చు. అందులోనుంచి భాష తెలియని మనిషి ఒకరు ఖాళీ చెంబుతో దిగవచ్చు. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ చెంబు నింపి ఇవ్వండి. ఆ మనిషి ‘నేరో’ అని అంటే, మీరు ‘నీరు’ అని నేర్పండి.